స్కాన్లు పోయిన ఏడాది

ప్రొద్దుటూరులో నేను పనిచేసే ఆసుపత్రికి పేషెంట్లు వచ్చే దారి వేరు, మా గదికి వచ్చే దారి వేరు. ల్యాబు పక్కన ఆక్సిజన్ సిలిండర్లు నిలబెట్టిన వసారా దాటితే ఒక తలుపు వస్తుంది. అదే మా కంప్యూటర్ల గది. లోపల ఎప్పుడూ ఏసీ చలి, ఫ్యాన్ల హోరు. ఎండలో బస్సు దిగి నడిచొచ్చి ఆ గదిలో అడుగుపెడితే కాసేపు ప్రాణం లేచివచ్చినట్టుండేది. ఆ తర్వాత రోజంతా వణుకే. ఒక పాత స్వెట్టరు నా కుర్చీకి ఎప్పుడూ తగిలించి ఉండేది.

మాది జమ్మలమడుగు. నాన్న హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంజనీరింగ్‌లో నాతో చదివినవాళ్లంతా బెంగుళూరు బస్సెక్కారు, నేను రోజూ ప్రొద్దుటూరు బస్సెక్కాను. అమ్మకు కళ్లు సరిగా కనబడవు కాబట్టి దూరం పోవడం కుదరలేదు. ఆ ఉద్యోగం దొరకడమే అదృష్టమనుకున్నాం.

మా గదికి పెద్ద ఒకాయన ఉండేవాడు. సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు, అందుకని అన్నా అనేదాన్ని. సింహాద్రిపురం దగ్గర వాళ్లకు బత్తాయి చెట్లున్న చీనీ తోట, భూములు ఉన్నాయి. బెంగుళూరులో పెద్ద కంపెనీలో చాలా ఏళ్లు చేసి, వాళ్ల నాన్న ఆరోగ్యం దెబ్బతినడం మొదలయ్యాక దగ్గర్లో ఉండాలని ఈ ఉద్యోగానికి వచ్చాడు. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

మా ఆసుపత్రికి జమ్మలమడుగులో ఒక శాఖ, పులివెందులలో ఒక శాఖ ఉన్నాయి. అన్న రాకముందు మూడు ఊళ్లలో మూడు రకాల కంప్యూటర్లు ఉండేవట. బల్లల కింద, తుడుపు బకెట్ల పక్కన దుమ్ము కొట్టుకుని ఉండేవట. జమ్మలమడుగులో తీసిన రక్తపరీక్ష రిపోర్టు ప్రొద్దుటూరు డాక్టరు చూడాలంటే కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవారట. అన్న వచ్చి ఆ పాతవన్నీ తీసేసి ప్రొద్దుటూరులో ఒకే ఒక పెద్ద యంత్రం పెట్టించాడు. మందుల షాపుకు, ల్యాబుకు, జీతాలకు, స్కాన్ బొమ్మలు దాచడానికి వేర్వేరు కంప్యూటర్లున్నట్టు వాడేవాళ్లకు కనబడుతుంది. నిజానికి అవన్నీ ఆ ఒక్క ఇనుప పెట్టె లోపలే బతుకుతాయి.

దాన్ని మేనేజరుకు అన్న ఇట్లా చెప్పాడు. "ఒక ఇల్లు సార్, పది కాపురాలు. ఎవురి వంట వాళ్లదే. గోడకవతల ఏం జరుగుతాందో ఇవతలోళ్లకు తెల్దు."

"ఇల్లే కూలిపోతే?"

"దానికే గదా సార్, ఇంగొక కాపీ క్లౌడ్‌లో, అంటే బయటి కంపెనీ కంప్యూటర్లలో పెట్టేది."

ఆ పక్కనే ఉన్న హెడ్ నర్సు నవ్వింది. "క్లౌడ్ అంటే మేఘమే గదప్పా? వానొస్తే మన రిపోర్టులన్నీ మీ సింహాద్రిపురంలో పడతాయేమో!"

"మా ఊర్లో వానే పడదక్కా, ఇంగ రిపోర్టులు యాడ పడతాయి," అన్నాడు అన్న. ఆ రోజుల్లో మేం అట్లా నవ్వుకునేవాళ్లం.

అంతా ఒక్కచోటికి చేరాక పని సులువైంది. పులివెందులలో తీసిన స్కాను ఇక్కడి డాక్టరు తన బల్ల దగ్గరే కూర్చుని చూసేవాడు. దాంతో ఆసుపత్రివాళ్లు పేషెంట్లకు ఫిల్ములు ఇవ్వడం మానేశారు. అంతా కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది, మళ్లీ వచ్చినప్పుడు డాక్టరే తీసి చూస్తాడని కౌంటర్లో చెప్పేవారు. నిజమే కదా అని మేమూ అనుకున్నాం.

ఆ వేసవిలో అన్న వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. తల్లికి ఒంటరిగా ఎత్తడం, పక్కకు తిప్పడం చేతకాదు. అన్న వారంలో సగం రోజులు ఊర్లోనే ఉండాల్సి వచ్చింది. బయటినుంచి మా యంత్రాన్ని చేరడానికి కాపలా ఉన్న దారి ఒకటి ఉండేది. ఒకసారి పాస్‌వర్డు అడుగుతుంది, మళ్లీ ఫోన్‌కు అంకె పంపి అది అడుగుతుంది. ఒకరోజు అన్న నాతో అన్నాడు.

"పాపా, నేను ఊర్నుంచే నేరుగా పెద్ద మిషన్‌లోకి వచ్చేట్టు ఇంగొక దారి తెరుస్తాండా. నాయన తేరుకునేదాంకా."

"కాపలా దారి ఉండాది గదన్నా?"

"ఊర్లో సిగ్నలు శానా తక్కువ. ఊరికూరికే తెగిపోతాంది. తెగినప్పుడల్లా ఆ అంకె కోసం మిద్దె మీదికెక్కి ఫోన్ పట్టుకోని నిలబడాల. కింద నాయన గుక్కెడు నీళ్లడిగినా నాకు ఇనపడదు."

"మళ్లా మూసేస్తావు గదా?"

"మూసేయకుండా యాడికి పోతా."

వాళ్ల నాన్న తేరుకోలేదు. వానలు మొదలయ్యే ముందు పోయాడు. కర్మకాండ అయ్యాక అన్న గుండుతో ఆఫీసుకు వచ్చాడు. గదిలో చలికి తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పేరుకుపోయిన పని ఒకటొకటిగా చేసుకుంటూ పోయాడు. మధ్యమధ్యలో తెర వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయేవాడు. పిలిస్తే ఉలిక్కిపడి "ఏంది పాపా?" అనేవాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున నేను బస్సులో ఉండగా జమ్మలమడుగు శాఖలో కౌంటరు చూసే ఆమె ఫోన్ చేసింది.

"మ్మే, ఏంది ఈ పొద్దు ఒక్క కంప్యూటరూ పనిచేయడం ల్యా? మంది నిలబడుకున్యారు ఈడ."

వైరు వదులైందేమో చూడమన్నాను. ఆ ఫోన్ పెట్టేలోపే పులివెందుల నుంచి వచ్చింది. అదే మాట. బస్సు దిగి ఆసుపత్రిలోకి వచ్చేసరికి ఓపీ దగ్గర జనం గుంపు కట్టి ఉన్నారు. మా గదిలో అన్న నిలబడే ఉన్నాడు, కుర్చీ పక్కకు తోసేసి ఉంది.

తెర మీద మా కంప్యూటర్ల పేర్లు వరుసగా కనబడుతున్నాయి. ప్రతి పేరుకూ అర్థంలేని అక్షరాలు తోకలాగా అంటుకుని ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోవడం లేదు. వాటి మధ్య ఒక చిన్న ఉత్తరం ఉంది. చాలా మర్యాదైన ఇంగ్లీషు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే ఎంత డబ్బో ఫలానా చోట మాతో మాట్లాడండి అని ఉంది.

మా కంప్యూటర్లన్నిటిలో వైరస్‌ను పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కటీ కిక్కురుమనలేదు. ఎందుకంటే వచ్చినవాళ్లు ఆ కంప్యూటర్లలోకి రానే లేదు, అవన్నీ నిలబడి ఉన్న పెద్ద యంత్రంలోకే వచ్చారు. గదులకు తాళాలు వేసుకుని పడుకున్న పది కాపురాలనూ ఇంటితో సహా ఎత్తుకుపోయినట్టయింది.

"పోతే పోనీ. క్లౌడ్‌లో ఉండాది గదా," అని అన్న ఇంకో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మా కాపీలుండే ఫోల్డరు తెరిచాడు. ఖాళీ. పేరు మాత్రం ఉంది, లోపల ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఖాళీ. కాపీలు పంపే సాఫ్ట్‌వేర్ కూడా ఆ పెద్ద యంత్రంలోనే ఉండేది, క్లౌడ్ పాస్‌వర్డు దాంట్లోనే దాచి ఉండేది. వచ్చినవాళ్లు ముందు దాన్ని తీసుకుని కాపీలన్నీ తుడిచేసి, ఆ తర్వాతే ఇక్కడ తాళాలు వేశారు. అది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అన్న ఆ ఖాళీ ఫోల్డరును మూస్తూ, తెరుస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"అన్నా," అన్నాను.

"ల్యా పాపా. ఏమీ ల్యా," అన్నాడు నా వైపు చూడకుండా.

ఆసుపత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు మమ్మల్ని పైకి పిలిపించారు. ఎప్పటికి బాగవుతుందని అడిగారు.

"కొత్తగా కట్టుకోవచ్చు సార్. పాతవి రావు," అన్నాడు అన్న.

దొంగలతో మాట్లాడాలా వద్దా అని వాళ్లలో వాళ్లు చాలాసేపు వాదించుకుని వద్దనుకున్నారు. పోలీసులు వచ్చి వివరాలు రాసుకుని వెళ్లారు. పేషెంట్లకు మాత్రం సర్వర్ రిపేరులో ఉందని చెప్పాలని మేనేజరు అందరినీ హెచ్చరించాడు. మళ్లీ చేతిరాత చీటీలు వచ్చాయి. జమ్మలమడుగు రిపోర్టులు మళ్లీ కవర్లలో బస్సెక్కాయి. కొన్నిసార్లు ఆ కవర్లు నేనే నా సంచిలో తెచ్చేదాన్ని.

కొత్త పేషెంట్ల పని ఎట్లాగో నడిచింది. కష్టమంతా పాతవాళ్లతోనే. స్కానింగ్ యంత్రం తన కడుపులో ఈమధ్య తీసిన బొమ్మలే ఉంచుకుంటుంది, అంతకు ముందువి మా పెద్ద యంత్రానికి పంపి చెరిపేస్తుంది. అందుకే కొత్తవి దొరికాయి. నెలల కిందటివి, ఏళ్ల కిందటివి పోయాయి.

ఒక మధ్యాహ్నం మా గది తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. వీరపునాయునిపల్లె దగ్గర పల్లె. పంచె, భుజాన తువ్వాలు, ఎండకు నల్లబడిన మొహం. లోపలి చలికి దగ్గు తెర వచ్చి కాసేపు మాట్లాడలేకపోయాడు. అన్న లేచి తన కుర్చీ ఇచ్చాడు.

"కంప్యూటరోళ్లు మీరేనామ్మా?" అని నన్ను అడిగాడు.

"అవును పెద్దాయనా. ఏం కావాల?"

"నా ఊపిరితిత్తుల ఫొటో. పోయిన ఎండాకాలం ఈడనే తీసినారు. ఏందో చిన్న మచ్చ ఉండాది, కొన్నాళ్లు చూద్దామన్యాడు డాక్టరు. ఇప్పుడు మల్లా తీసినాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అది పెరిగిందో లేదో చెప్పగలనంటాండాడు. కౌంటర్లో అడిగితే రిపేరంట, సాయంత్రం రమ్మంటారు. ఎన్ని సాయంత్రాలు రావాలమ్మా? బస్సుల్లో తిరగల్యాక సస్తాండా."

మేనేజరు చెప్పమన్న మాట నా నోటి దాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపు అన్న ఆయన ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"రిపేరు కాదు మామా. పోయినాయి."

"పోయినాయంటే?"

"దొంగలు పడినారు. బయటినుంచి, ఇంటర్నెట్‌లో నుంచి. అన్నిటికీ తాళాలేసినారు. కాపీలుంటే అవీ తుడిచేసినారు. నీదొక్కటే కాదు, అందరివీ."

పెద్దాయన కుర్చీ అంచుకు జరిగాడు.

"ఎవురు వాళ్లు? ఈ పక్కోళ్లేనా?"

"తెల్దు మామా. యా దేశమోళ్లో."

"నా ఊపిరితిత్తుల ఫొటో వాళ్లకేం పనికొస్తాదప్పా?"

అన్న, "వాళ్లకేం పనికిరాదు మామా. నీకు పనికొస్తాదని వాళ్లకు తెల్సు, అంతే," అన్నాడు.

"సరే, పోనీలే. మల్లా తీయండి."

"కొత్తది తీసినారు గదా మామా. కావాల్సింది పాతది."

"ఆ పాతదాన్నే మల్లా తీయల్యారా?"

"తీయల్యారు మామా."

ఆయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఆ పొద్దు మా కోడలు ఫిల్ము ఇమ్మని శానా అడిగిండె. ఈడ ఉంటే భద్రం, ఇంట్లో పెట్టుకుంటే పాడైపోతాదన్యారు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండుంటే మాకు కొంచెం తేలికయ్యేది.

పేషెంటుకు నిజం చెప్పినందుకు మేనేజరు అన్నను పిలిచి కేకలేశాడు. అన్న తల వంచుకుని విన్నాడు.

ఎట్లా జరిగిందో తేల్చడానికి ఆసుపత్రివాళ్లు హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరును పిలిపించారు. నెమ్మదస్తుడు, నడివయసువాడు. మా గదిలోనే కూర్చుని యంత్రంలో మిగిలిన ఆనవాళ్లన్నీ తవ్వాడు. పని ముగిశాక మేనేజరు గదిలో అందరినీ కూర్చోబెట్టాడు. నన్నూ రమ్మన్నారు.

"మీ పెద్ద యంత్రానికి కాపలా లేని దారి ఒకటి ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంది. నెలల తరబడి ఉంది. ఇట్లాంటివాటి కోసం ప్రపంచమంతా వెతుకుతూనే ఉంటారు. అది ఎవరు తెరిచారు?" అన్నాడు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే అన్న గొంతు వినిపించింది.

"నేనే. మా నాయనకు బాగలేనప్పుడు తెరిచినా. నాయన పోయినాక మూసేయాల్సింది. మరిచిపోయినా."

"మరిచిపోతే ఎట్లప్పా?" అన్నాడు మేనేజరు.

కాపీల పాస్‌వర్డు అదే యంత్రంలో ఎందుకు పెట్టారని ఇంజనీరు అడిగితే, అదీ తన పనేనన్నాడు అన్న. పెద్ద డాక్టరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగంమంది సింహాద్రిపురం పోయి అన్న వాళ్ల నాన్న శవం మీద దండ వేసి వచ్చినవాళ్లే. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం వాకిట్లో టీ బంకు దగ్గర ఆ ఇంజనీరు నాతో అన్నాడు. "చాలా ఊళ్లు తిరుగుతానమ్మా ఈ పని మీద. ప్రతిచోటా తెరిచి ఉంచిన తలుపు ఒకటి దొరుకుతుంది. ఎందుకు తెరిచారని అడిగితే, ఎవరింట్లోనో ఒక కష్టం ఉంటుంది. రిపోర్టులో ఆ కష్టం రాయడానికి చోటు ఉండదు."

అన్నను రాజీనామా చేయమన్నారు, చేశాడు. సొరుగులో ఉన్న రెండు పుస్తకాలు, వాళ్ల నాన్న ఫొటో, నీళ్ల బాటిలు సంచిలో పెట్టుకున్నాడు. ఎవరూ వీడ్కోలు చెప్పడానికి రాలేదు. హెడ్ నర్సు మాత్రం వసారా దాకా వచ్చి "అప్పా, తిన్యావా?" అని అడిగింది. తిన్నానని తలూపి వెళ్లిపోయాడు.

తర్వాత అంతా నా మీద పడింది. ఇంకొకరిని తోడు తీసుకుని మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాం. ఇప్పుడు మా కాపీలను ఒక గడువు దాకా ఎవరూ తుడవలేరు. దొంగలే కాదు, నేనైనా తుడవలేను. పెద్ద యంత్రంలోకి పోవాలంటే ఇద్దరం ఒప్పుకోవాలి. ఫిల్ములు ఇవ్వడం కూడా మళ్లీ మొదలుపెట్టారు. పని బాగా జరిగిందని పెద్ద డాక్టరు నన్ను మెచ్చుకున్నారు. సంతోషం కలగలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీలోకి కొత్తబ్బాయి వచ్చి కూర్చున్నాక కూడా ఆ గదిలో నేను ఒంటరిగానే ఉన్నట్టుండేది.

వీరపునాయునిపల్లె పెద్దాయనను డాక్టరు కొన్ని నెలలు ఆగి రమ్మన్నాడు. పాత స్కాను లేదు కాబట్టి ఇప్పటిదాన్నే మొదటిది అనుకుని, దాంతో తర్వాతిది పోల్చి చూడాలి. వేరే మార్గం లేదు. ఆయన చెప్పినట్టే వచ్చాడు. మచ్చ బాగా పెరిగింది. తిరుపతికి పంపించారు. మరుసటి ఎండాకాలంలో వాళ్ల కోడలు కాగితాల కోసం వచ్చి, మామ పోయాడని కౌంటర్లో చెప్పింది. నేను ఆ పక్కనే ప్రింటరు బాగుచేస్తున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. అసలు నన్ను ఎప్పుడూ చూడనే లేదు.

ఆ రోజు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోయి అడిగాను. పాత స్కాను ఉండుంటే ఏమయ్యేదని.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెరుగుతోందని ముందే తెలిసుంటే ముందే పంపేవాణ్ని. పంపితే బతికేవాడా అంటే చెప్పలేనమ్మా. నాకు తెలియదు."

కొంతకాలానికి పులివెందుల శాఖలో పని పడింది. అక్కడి పాత ఎక్స్‌రే యంత్రం కొత్త సర్వరుతో మాట్లాడడం లేదు. దాని అమరిక అన్నకొక్కడికే తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం సింహాద్రిపురం బస్సెక్కాను.

అన్న చీనీ తోటలో ఉన్నాడు. చెట్ల మొదళ్లకు నీళ్లు పోయే డ్రిప్ పైపులో మట్టి అడ్డుపడితే ఊది శుభ్రం చేస్తున్నాడు. బాగా చిక్కాడు, గడ్డం పెరిగింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎక్స్‌రే యంత్రం సంగతి అడిగితే, పైపు పట్టుకునే ఏ అంకె ఎక్కడ మార్చాలో పొల్లుపోకుండా చెప్పాడు. నేను ఫోన్‌లో రాసుకున్నాను.

తర్వాత అడిగాడు. "ఆ మామ వస్తాండాడా?"

చెప్పాలా వద్దా అని బస్సులో దారిపొడుగునా ఆలోచించుకుంటూనే వచ్చాను. తీరా ఆయన మొహం చూసి అబద్ధం చెప్పలేకపోయాను.

"పోయినాడన్నా. పోయిన ఎండాకాలంలో."

అన్న పైపు కింద పెట్టాడు. "డాక్టరేమన్యాడు?"

డాక్టరు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను.

"తెల్దు అన్యాడా?"

"అన్నాడు."

"తెల్దంటే ఎట్ల పాపా," అన్నాడు మెల్లగా, నన్ను అడుగుతున్నట్టు కాదు. "సంపినావని చెప్పినా మోసుకోని తిరుగుదును. నీ తప్పు ల్యా అన్నా ఒక పొద్దన్నా నిద్రపోదును. ఈ తెల్దును ఏం చేసుకోవాల?"

కింద పెట్టిన పైపు తీసి మళ్లీ చెట్టు మొదట్లో అమర్చాడు. నీళ్లు చుక్కచుక్కగా మట్టిలోకి ఇంకుతున్నాయి.

ఇంటి దగ్గర వాళ్లమ్మ మజ్జిగ ఇచ్చింది. అన్న కాళ్లు కడుక్కోవడానికి పోయినప్పుడు గొంతు తగ్గించి, "బెంగుళూరోళ్లు రమ్మని ఫోన్ చేస్తాండారంటమ్మా. ఈడు ఎత్తడం ల్యా. మనిషి యాడికీ పోడు, ఎవురితో మాట్లాడడు. నువ్వన్నా చెప్పి పో," అంది. సరేనన్నాను. కానీ ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు.

రోడ్డు దాకా అన్న నాతో వచ్చాడు. బస్సు కనబడ్డాక అన్నాడు. "ఏమన్నా అడగాలంటే ఫోన్లో మెసేజ్ పెట్టు పాపా, చూసి చెప్తా. నువ్వు రావాకు. నిన్ను చూస్తే ఆ గది గుర్తుకొస్తాది."

ఆ తర్వాత నేను సింహాద్రిపురం పోలేదు. ఒకటి రెండుసార్లు మెసేజ్ పెడితే జవాబు ఇచ్చాడు. అడిగినదానికి మాత్రమే, ఒక్క మాట ఎక్కువ లేకుండా. ఇప్పుడు అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు. పాత యంత్రాలన్నీ మార్చేశాం, ఆయనకు తెలిసినవి ఇప్పుడు మా ఆసుపత్రిలో ఒక్కటీ లేవు.